పొరల అయస్కాంతాలు, వాటిలోని ఎలక్ట్రాన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మే వచ్చేసరికి మా ల్యాబుకు సమ్మర్ ప్రాజెక్టు పిల్లలు దిగుతారు. కొందరు సిటీ కాలేజీల వాళ్లు, కొందరు జిల్లాల నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టళ్లలో ఉండేవాళ్లు, బీటెక్ చేసి ఫిజిక్స్ వైపు తిరుగుదామా అని ఊగిసలాడేవాళ్లు ఒకరిద్దరు. మొహాలు మారతాయి కానీ డౌట్లు మారవు. వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ నా గొంతు పోయింది కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను. ప్రశ్నలు వాళ్లు అడిగిన మాటల్లోనే ఉంచాను. వరుసగా చదవక్కర్లేదు, కావాల్సిన చోటికి వెళ్లిపోండి.

## మొదలుపెట్టక ముందు

అక్కా, ఫ్రిజ్ మీద అంటించే మాగ్నెట్‌కీ దీనికీ తేడా ఏంటి?

పుట్టుకలో తేడా లేదు. ఎలక్ట్రాన్ల స్పిన్‌లు (ఒక్కో ఎలక్ట్రాన్‌నీ బుల్లి అయస్కాంతంగా చేసే గుణం) ఒక పద్ధతిగా వరుస కడితే అయస్కాంతత్వం వస్తుంది, రెండింట్లోనూ అంతే. తేడా పరమాణువుల కట్టుబడిలో ఉంది. మామూలు అయస్కాంతంలో పరమాణువులు అన్ని దిక్కులా గట్టిగా పట్టుకుని ఉంటాయి. పొరల పదార్థంలో ఒక పొర లోపల పట్టు గట్టిది, పొరకీ పొరకీ మధ్య మాత్రం వాన్ డర్ వాల్స్ ఆకర్షణ అనే బలహీనమైన పట్టే ఉంటుంది. గూడూరు అభ్రకం చేతిలో పట్టుకున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గోరు పెట్టి లాగితే రేకు ఊడి వస్తుంది, ఆ రేకులో నుంచి ఇంకో రేకు. అలా రేకులుగా ఊడే స్ఫటికం అయస్కాంతం కూడా అయితే అదే మన పదార్థం. క్రోమియం ట్రై అయొడైడ్‌లో ఒక్క పొర మందం సుమారు 0.7 నానోమీటర్లు.

గ్రాఫీన్ ఉందిగా, మళ్లీ ఇవెందుకు?

గ్రాఫీన్ 2004లో చేతికొచ్చింది, 2010లో గైమ్, నొవొసెలొవ్‌లకు నోబెల్ తెచ్చింది. కానీ అది దానంతట అది అయస్కాంతం కాదు, దానికి బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తుల ఖాళీ) కూడా లేదు. ఆ తర్వాత పొరల్లో సెమీకండక్టర్ దొరికింది, ఇన్సులేటర్ దొరికింది, సూపర్ కండక్టర్ దొరికింది. చాలాకాలం దొరకనిది అయస్కాంతమే. ఒకదాని మీద ఒకటి పేర్చి పరికరం కట్టాలంటే అన్ని రకాల రేకులూ ఉండాలి కదా.

ఒక్క పొరలో అయస్కాంతత్వం నిలవదని ఎంఎస్సీలో చదివాం. ఆ సిద్ధాంతం తప్పా?

తప్పు కాదు, మీరు సగమే చదివారు. 1966లో మెర్మిన్, వాగ్నర్ నిరూపించిన దానికి ఒక షరతు ఉంది: స్పిన్‌కి ఏ దిక్కైనా ఒకటే అయితేనే, సున్నా కంటే ఎక్కువ ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా రెండు కొలతల్లో వరుస నిలవదు.

స్కూల్లో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్ని తలచుకోండి. ఎటు తిరిగినా ఎవరూ అడగరనుకోండి. ప్రతి పిల్లాడూ పక్కవాడి కంటే ఒక్క డిగ్రీ పక్కకు తిరుగుతాడు. ఒక్క డిగ్రీ ఎవరి కంటికీ ఆనదు, కానీ నూట ఎనభయ్యో పిల్లాడు గోడ వైపు చూస్తుంటాడు. పొడవాటి స్పిన్ తరంగాలు చేసే పని అదే: దాదాపు ఖర్చు లేకుండా పుట్టి వరుసను చెడగొడతాయి. ఇప్పుడు డ్రిల్ మాస్టారు వచ్చి "పైకి చూడండి, లేదా కిందికి చూడండి, మధ్యలో చూస్తే దెబ్బ" అన్నారనుకోండి. ఒక్క డిగ్రీ తిరగడానికీ ఖర్చు పడింది, వరుస నిలిచింది. పదార్థంలో ఆ మాస్టారి పేరు మాగ్నెటిక్ అనైసోట్రోపీ. పైకి, కిందికి అనే రెండే దిక్కులున్న ఐసింగ్ నమూనాలో రెండు కొలతల్లో కూడా వరుస నిలుస్తుందని ఆన్సాగర్ 1944లోనే లెక్క కట్టి చూపించాడు. పరీక్షలో మెర్మిన్, వాగ్నర్‌ల పేర్లు రాసి షరతు వదిలేస్తే నేనైతే సగం మార్కులే వేస్తాను.

2017, 2017 అంటారు అందరూ. ఆ ఏడాది ఏం జరిగింది?

రెండు బృందాలు ఇంచుమించు ఒకేసారి చూపించాయి. వాషింగ్టన్ యూనివర్సిటీ, ఎంఐటీ వాళ్లు కలిసి క్రోమియం ట్రై అయొడైడ్ ఒక్క పొర 45 కెల్విన్ వరకు ఫెర్రో అయస్కాంతంగా (స్పిన్‌లన్నీ ఒకే వైపు తిరిగి) ఉంటుందని కనుక్కున్నారు. గడ్డగా ఉన్నప్పుడు అది 61 కెల్విన్ వరకు నిలుస్తుంది, అంటే ఒక్క రేకుకు వచ్చేసరికి తగ్గింది కానీ పోలేదు. బర్కిలీ వాళ్లు క్రోమియం జెర్మేనియం టెల్యూరైడ్‌లో రెండు పొరల దాకా దిగి చూపించారు. ఆ ముందు ఏడాదే ఐరన్ ఫాస్ఫరస్ సల్ఫైడ్ ఒక్క పొరలో యాంటీఫెర్రో వరుస (స్పిన్‌లు సగం ఇటు, సగం అటు తిరిగి ఒకదాన్నొకటి కొట్టేసుకునేది) నిలుస్తుందని రామన్ స్పెక్ట్రోస్కోపీతో, అంటే చెదిరిన వెలుగు రంగు మార్పును చూసి, తేలింది. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న ఆ రామన్ గారి పద్ధతే.

ఏ పదార్థాల పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు?

నాలుగు చాలు. క్రోమియం ట్రై అయొడైడ్, అందరూ మొదలుపెట్టేది దీనితోనే. ఐరన్ జెర్మేనియం టెల్యూరైడ్, దీన్ని ల్యాబులో ఎఫ్‌జీటీ అంటాం. ఇది లోహం, గడ్డగా ఉంటే సుమారు 220 కెల్విన్ వరకు అయస్కాంతం. క్రోమియం సల్ఫైడ్ బ్రోమైడ్, గాలిలో పెట్టినా పాడవని బుద్ధిమంతుడు. మాంగనీస్ బిస్మత్ టెల్యూరైడ్, టోపాలజీ వాళ్ల (అంచుల వెంట మాత్రమే కరెంటు నడిచే పదార్థాల వెంట పడేవాళ్ల) ముద్దుబిడ్డ. మిగతావి చదువుతూ ఉంటే వాటంతటవే తగులుతాయి.

## ఎలక్ట్రాన్ల సంగతి

ఇవి లోహాలా, సెమీకండక్టర్లా? ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి అంటున్నారు

రెండూ ఉన్నాయి. ఎందుకో తెలియాలంటే, అయస్కాంతత్వం ఇచ్చే ఎలక్ట్రాన్లు కూర్చుని ఉన్నాయా, తిరుగుతున్నాయా అని అడగాలి.

క్రోమియం ట్రై అయొడైడ్‌లో ప్రతి క్రోమియం దగ్గరా మూడు డి ఎలక్ట్రాన్లు (డి ఆర్బిటాళ్లలో ఉండేవి) ఒకే వైపు స్పిన్‌తో కూర్చుంటాయి. అందుకే ఒక్కో క్రోమియానికి మూడు బోర్ మాగ్నెటాన్ల (పరమాణువుల అయస్కాంత బలానికి కొలమానం) బలం. అవి ఊరు వదిలి కదలవు. పక్క క్రోమియంతో మాట్లాడాలంటే మధ్యలో ఉన్న అయొడిన్ ద్వారా కబురు పంపాలి; దాన్నే సూపర్ ఎక్స్చేంజ్ అంటారు. క్రోమియం, అయొడిన్, క్రోమియం మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా ఉండటం వల్ల ఆ కబురు ఫెర్రోగా చేరుతుంది. కరెంటు మోసేవాళ్లు లేరు కాబట్టి అది సెమీకండక్టర్, చల్లబరిస్తే ఆచరణలో ఇన్సులేటరే.

ఎఫ్‌జీటీలో కథ వేరు. కరెంటు మోసే ఎలక్ట్రాన్లే చాలావరకు అయస్కాంతత్వాన్నీ మోస్తాయి. అందుకే ఎలక్ట్రాన్ల సంఖ్యను కాస్త అటూ ఇటూ చేస్తే దాని అయస్కాంత గుణం గట్టిగా కదులుతుంది.

స్పిన్ పైకి ఒక బ్యాండ్, కిందికి ఒక బ్యాండ్ అంటే ఏంటో ఎవరూ సరిగ్గా చెప్పరు

బ్యాండ్ అంటే ఎలక్ట్రాన్లు ఉండగల శక్తుల పట్టీ. మామూలు పదార్థంలో రెండు స్పిన్‌లకూ ఒకే బ్యాండ్ బొమ్మ, ఒకదాని మీద ఒకటి అతికినట్టు ఉంటుంది. ఫెర్రో అయస్కాంతంలో మెజారిటీ స్పిన్ (ఎక్కువ ఎలక్ట్రాన్లు తిరిగిన వైపు) బ్యాండ్లు కిందికి, మైనారిటీవి పైకి జరుగుతాయి. అదే ఎక్స్చేంజ్ స్ప్లిటింగ్. క్రోమియం ట్రై అయొడైడ్‌లో వేలెన్స్ (నిండిన) బ్యాండ్ కొస, కండక్షన్ (ఖాళీ) బ్యాండ్ మొదలు రెండూ మెజారిటీ స్పిన్‌వే. అంటే ఆ శక్తి దగ్గర ఒక స్పిన్‌కి దారి ఉంది, రెండోదానికి ఇంకా గోడే. పరికరాల వాళ్లకు దీని మీద అంత మోజు అందుకే.

క్రోమియం కదా అయస్కాంతం, మరి అయొడిన్ గురించి అంత మాట్లాడతారేంటి?

స్పిన్ క్రోమియానిది, దిక్కు అయొడిన్‌ది. బరువైన పరమాణువులో స్పిన్ ఆర్బిట్ కప్లింగ్ (ఎలక్ట్రాన్ స్పిన్‌కీ దాని కదలికకీ ఉన్న ముడి) ఎక్కువ. స్పిన్‌ను పొరకు నిలువుగా నిలబెట్టేది ప్రధానంగా అదే. అయొడిన్ తీసి బ్రోమిన్ పెడితే స్పిన్ ఇంకా నిలువుగానే ఉంటుంది కానీ పట్టు తగ్గుతుంది. ఇంకా తేలికైన క్లోరిన్ పెడితే స్పిన్‌లు పొర లోపలే పడుకుంటాయి.

ఒక పొర ఫెర్రో, రెండు పొరలు యాంటీఫెర్రో, మూడు మళ్లీ ఫెర్రో. ఇదేం లెక్క?

ప్రతి పొరా లోపల్లోపల ఫెర్రోనే. క్రోమియం ట్రై అయొడైడ్ పల్చటి రేకుల్లో పక్క పక్క పొరలు ఎదురెదురుగా తిరుగుతాయి, అంతే. రెండుంటే ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుని మొత్తం సున్నా. మూడుంటే ఒకటి మిగులుతుంది. రెండు పొరల రేకు మీద సుమారు 0.65 టెస్లా క్షేత్రం పెడితే ఎదురు తిరిగిన పొర కూడా దారికొస్తుంది.

నాకు నచ్చేది మాత్రం దీని వల్ల ఎలక్ట్రాన్‌కి ఏమవుతుందన్న సంగతి. క్రోమియం సల్ఫైడ్ బ్రోమైడ్‌లో ఇది చాలా శుభ్రంగా కనిపిస్తుంది. అది 132 కెల్విన్ కింద ఇలాగే పొర మార్చి పొర ఎదురు తిరిగే యాంటీఫెర్రో. పై పొరలో పైకి స్పిన్‌తో ఉన్న ఎలక్ట్రాన్ కింది పొరలోకి దూకాలంటే అక్కడ అదే స్పిన్‌కి అదే శక్తి దగ్గర చోటుండాలి. పక్క పొర ఎదురు తిరిగి ఉంటే ఆ చోటు ఎక్కడో పైన ఉంటుంది. కాబట్టి ఎలక్ట్రాన్ తన పొరలోనే ఉండిపోతుంది. గడ్డగా పేర్చి ఉన్నా ఎలక్ట్రానిక్ లెక్కన ప్రతి రేకూ ఇంచుమించు ఒంటరిదే. అయస్కాంత క్షేత్రం పెట్టి పొరలన్నిటినీ ఒక వైపు తిప్పగానే తలుపు తెరుచుకుంటుంది, బ్యాండ్లు కలుస్తాయి, అది మింగే, విడుదల చేసే వెలుగు శక్తి కూడా జరుగుతుంది. అంటే అయస్కాంతంతో రంగును మారుస్తున్నామన్నమాట. మొదటిసారి ఆ స్పెక్ట్రమ్ గీత పక్కకు జరగడం స్క్రీన్ మీద చూసినప్పుడు నేను లంచ్ మర్చిపోయాను.

19,000 శాతం మాగ్నెటో రెసిస్టెన్స్ అని చదివా. ప్రింటింగ్ మిస్టేకా?

కాదు. మాగ్నెటో రెసిస్టెన్స్ అంటే అయస్కాంత క్షేత్రం పెడితే నిరోధం మారడం. 2018లో నాలుగు పొరల క్రోమియం ట్రై అయొడైడ్‌ను రెండు గ్రాఫీన్ రేకుల మధ్య పెట్టి కొలిచిన విలువ అది, హీలియం చలిలో. శాతం తీసేసి చెబితే, నిరోధం 190 రెట్లకు పైగా మారిందని.

మెట్రో స్టేషన్ గేట్లు ఊహించుకోండి. మొదటి గేటు నీలం కార్డు వాళ్లనే పంపిస్తుంది, రెండో గేటు ఎర్ర కార్డు వాళ్లనే. మొదటిది దాటినవాడు రెండోదాని దగ్గర ఇరుక్కుంటాడు. ఎదురెదురు పొరలంటే అదే, ఏ స్పిన్‌కీ పూర్తి దారి లేదు. క్షేత్రం పెట్టి గేట్లన్నిటినీ నీలానికి మార్చండి, నీలం కార్డు వాళ్లంతా దూసుకుపోతారు. హార్డ్ డిస్కులకు దారి చూపిన పాత మాగ్నెటో రెసిస్టెన్స్‌కి 2007లో ఫెర్ట్, గ్రూన్‌బర్గ్‌లకు నోబెల్ వచ్చింది. అక్కడ లోహపు పొరల్ని పని కట్టుకుని పేర్చాలి. ఇక్కడ స్ఫటికమే గేట్లు అమర్చుకుని పుట్టింది.

వోల్టేజ్‌తో అయస్కాంతాన్ని మార్చొచ్చా? కాయిల్ అక్కర్లేదా?

మార్చొచ్చు. రెండు పొరల క్రోమియం ట్రై అయొడైడ్‌లో గేట్ వోల్టేజ్‌తో ఎలక్ట్రాన్లు నింపి పొరల మధ్య యాంటీఫెర్రోని ఫెర్రోగా తిప్పడం 2018లో చూపించారు. అదే ఏడాది ఎఫ్‌జీటీ పల్చటి రేకులో లిథియం అయాన్ల గేటుతో క్యూరీ ఉష్ణోగ్రతను (అది దాటితే ఫెర్రో వరుస పోతుంది) గది ఉష్ణోగ్రత దాకా లాగారు. రేకు పల్చన కాబట్టే ఇది కుదిరింది. గడ్డ అయస్కాంతంలోకి వోల్టేజ్ ప్రభావం పైపొర దాటి దిగదు.

బ్యాండ్ గ్యాప్ ఒక్కో పేపర్లో ఒక్కోలా ఉంది. ఏది నమ్మాలి?

అన్నీ నమ్మండి, కానీ ఏ గ్యాప్ అని ముందు అడగండి. క్రోమియం ట్రై అయొడైడ్‌నే తీసుకుంటే, గడ్డలో వెలుతురు పీల్చడం ద్వారా కొలిస్తే సుమారు 1.2 ఎలక్ట్రాన్ వోల్ట్. ఒక్క పొర నుంచి వచ్చే వెలుగు సుమారు 1.1 దగ్గర ఉంటుంది. ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావాన్ని బాగా లెక్కలోకి తీసుకునే జీడబ్ల్యూ పద్ధతిలో ఒక్క పొరకి రెండున్నర దరిదాపుల్లో వస్తుంది. కంగారు పడకండి. పల్చటి రేకులో ఎలక్ట్రాన్‌కీ హోల్‌కీ (ఎలక్ట్రాన్ వదిలి వెళ్లిన ఖాళీ) మధ్య ఆకర్షణను అడ్డుకునేవాళ్లు తక్కువ, కాబట్టి రెండూ గట్టిగా జత కడతాయి. ఆ జత పేరు ఎక్సైటాన్. వెలుతురు కొలిచేది జతను, జీడబ్ల్యూ చెప్పేది విడివిడిగా ఉన్న వాటి గ్యాప్‌ను. సాధారణ డీఎఫ్‌టీ (ఎలక్ట్రాన్ల సాంద్రతను పట్టుకుని వేసే మామూలు లెక్క) చెప్పేది ఈ రెండూ కాదు, అది తక్కువగా చూపించడంలో పేరుమోసింది. మీ థీసిస్ టేబుల్‌లో ఈ మూడు రకాల అంకెల్ని ఒకే కాలమ్‌లో పెడితే వైవాలో దొరికిపోతారు.

మాంగనీస్ బిస్మత్ టెల్యూరైడ్ మీద అంత గోల ఎందుకు?

అంచుల వెంట మాత్రమే, నష్టం లేకుండా కరెంటు నడవడం, అదీ బయటి అయస్కాంత క్షేత్రం లేకుండా. దీన్ని క్వాంటమ్ అనామలస్ హాల్ ప్రభావం అంటారు. హాల్ నిరోధం (కరెంటుకు అడ్డంగా కొలిచేది) సుమారు 25,813 ఓమ్‌ల దగ్గర కచ్చితంగా ఆగుతుంది. 2013లో మొదట చూసినప్పుడు అయస్కాంత పరమాణువుల్ని బయటి నుంచి కలిపిన పదార్థంలో, 30 మిల్లీ కెల్విన్ దగ్గర చూశారు. మాంగనీస్ బిస్మత్ టెల్యూరైడ్‌లో అయస్కాంతం స్ఫటికంలోనే వరుసగా కూర్చుని ఉంది, కల్తీ అక్కర్లేదు. 2020లో ఐదు పొరల రేకులో 1.4 కెల్విన్ దగ్గర ఆ ప్రభావం కనిపించింది. ఐదు, గమనించండి. పొరలు సరిసంఖ్యలో ఉంటే నికర అయస్కాంతత్వం కొట్టేసుకుపోయి వేరే స్థితి వస్తుంది.

## లెక్క వేసేటప్పుడు

నా ల్యాప్‌టాప్ మీద నడుస్తుందా అక్కా?

ఒక్క పొర క్రోమియం ట్రై అయొడైడ్ యూనిట్ సెల్‌లో ఎనిమిది పరమాణువులే. మంచి ల్యాప్‌టాప్ మీద, ఉచితంగా దొరికే క్వాంటమ్ ఎస్ప్రెసో సాఫ్ట్‌వేర్‌తో, స్పిన్ లెక్క నడుస్తుంది; రాత్రి పెట్టి పొద్దున చూసుకోండి. ఫ్యాన్ శబ్దానికి రూమ్మేట్ తిడితే నా పూచీ లేదు. స్పిన్ ఆర్బిట్ పెట్టగానే మాత్రం ల్యాప్‌టాప్ చాలదు, క్లస్టర్ కావాలి. మన దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ సూపర్ కంప్యూటర్ ఉంది. గైడ్ ద్వారా ఎలా వాడుకోవచ్చో కనుక్కోండి.

యు విలువ ఎంత పెట్టాలి?

డి ఎలక్ట్రాన్లు ఒకే చోట కిక్కిరిసి ఉండటాన్ని సాధారణ డీఎఫ్‌టీ సరిగ్గా పట్టుకోలేదు కాబట్టి హబ్బర్డ్ యు కలుపుతాం. క్రోమియానికి చాలామంది 3 ఎలక్ట్రాన్ వోల్ట్ దరిదాపుల్లో పెడతారు. "చాలామంది పెడతారు" అనేది కారణం కాదని మాత్రం గుర్తుంచుకోండి. 0 నుంచి 4 దాకా మార్చి చూసి, మీరు చెప్పదలుచుకున్న మాట ఆ మొత్తంలో నిలుస్తుందో లేదో చూపించండి. ఎఫ్‌జీటీ లాంటి లోహానికి గుడ్డిగా పెద్ద యు పెడితే ఉన్న గుణం పాడవుతుంది.

నాకు రెండు పొరలకి ఎప్పుడూ ఫెర్రోనే వస్తోంది. ప్రయోగంలో యాంటీఫెర్రో కదా?

ఈ గోతిలో నేను మూడు వారాలు ఉన్నాను. యు మార్చాను, కే పాయింట్లు (లెక్కలో వాడే నమూనా బిందువులు) పెంచాను, వాన్ డర్ వాల్స్ సవరణ మార్చాను, మా గైడ్ సహనాన్నీ పరీక్షించాను. చివరికి ఒక సాయంత్రం లింగంపల్లి స్టేషన్‌లో ఎంఎంటీఎస్ కోసం కూర్చుని ఫోన్‌లో స్ట్రక్చర్ ఫైల్ తెరిచి అంకెలు చూస్తుంటే తట్టింది: నేను తీసుకున్నది గడ్డ స్ఫటికం చల్లగా ఉన్నప్పటి పేర్పు, రాంబోహెడ్రల్. గడ్డ క్రోమియం ట్రై అయొడైడ్ సుమారు 210 కెల్విన్ కింద ఆ పేర్పులోకి జారుతుంది. పల్చటి రేకులు మాత్రం చల్లబడ్డాక కూడా గది ఉష్ణోగ్రత నాటి మోనోక్లినిక్ పేర్పులోనే ఉండిపోతాయి. రాంబోహెడ్రల్ అయితే పొరల మధ్య ఫెర్రో, మోనోక్లినిక్ అయితే యాంటీఫెర్రో. పై పొరను కొంచెం పక్కకు జరిపితే చాలు, అయస్కాంత గుణమే మారిపోతుంది. నా లెక్క తప్పు కాదు, నేను వేరే పదార్థానికి లెక్క వేస్తున్నాను. ఆ మర్నాడు జరిపి వేస్తే మొదటి రన్‌లోనే యాంటీఫెర్రో వచ్చింది.

నా లెక్కలో క్యూరీ ఉష్ణోగ్రత 320 వచ్చింది. పేపర్ రాసేద్దామా?

ఏ పద్ధతిలో వచ్చింది? మీన్ ఫీల్డ్ (ప్రతి స్పిన్ మీదా మిగతావాటి సగటు ప్రభావమే చూసే పద్ధతి) అయితే పక్కన పెట్టండి, అది రెండు కొలతల్లో దారుణంగా ఎక్కువ చెబుతుంది. మాంటీ కార్లో (స్పిన్‌లను యాదృచ్ఛికంగా తిప్పి చూసే లెక్క) చేసినా, స్పిన్‌ను పైకి, కిందికి మాత్రమే తిరిగే ఐసింగ్‌గా తీసుకుంటే మళ్లీ ఎక్కువే వస్తుంది. స్పిన్‌ను అన్ని దిక్కులా తిరగనిచ్చి, లెక్క కట్టిన అనైసోట్రోపీని పెట్టి వేయండి. ముందుగా క్రోమియం ట్రై అయొడైడ్‌కి వేసి 45 దగ్గరకు వస్తోందో లేదో చూసుకోండి. అది రాని పద్ధతి చెప్పే 320ని నేను నమ్మను.

అనైసోట్రోపీ విలువ ప్రతి రన్‌లోనూ మారిపోతోంది

క్రోమియం ట్రై అయొడైడ్‌లో అది ఒక్కో క్రోమియానికి ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్ కూడా ఉండదు. మీ శక్తి కన్వర్జెన్స్ (లెక్క ఎంత కచ్చితంగా తేలాలన్న హద్దు) దానికంటే చాలా బిగుతుగా ఉండాలి. కూరగాయల తూకంలో బంగారం తూస్తే అంకె ఎలా నిలుస్తుంది?

## ల్యాబులో

టేపుతో తీయడం నిజంగా అంత సింపులా?

తీయడం సింపుల్, దొరకడం కాదు. స్ఫటికం ముక్కను నీలం టేపు మీద పెట్టి, టేపును మడిచి విప్పి, మడిచి విప్పి, తళుకు పల్చబడ్డాక సిలికాన్ వేఫర్ మీద అద్ది మెల్లగా లాగుతాం. వేఫర్ మీద 285 నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఉంటుంది. దాని వల్ల పల్చటి రేకు రంగు తేడాతో మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది. మందపు ముక్కలు పసుపుగా మెరుస్తూ వెంటనే కళ్లలో పడతాయి. మనకు కావాల్సింది ఉందా లేదా అన్నట్టుండే నీడ. ఆ నీడ వెతకడంలోనే రోజు గడిచిపోతుంది. అదంతా గ్లోవ్ బాక్స్‌లో (గాలి, తేమ చొరబడని పెట్టె), మందపాటి రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టి చేయాలి.

గ్లోవ్ బాక్స్ లేకుండా బయట ఒక్క ఐదు నిమిషాలు చేస్తే ఏమవుతుంది?

క్రోమియం ట్రై అయొడైడ్ అయితే నీళ్లవుతుంది. అక్షరాలా. అది గాలిలో తేమను పీలుస్తుంది, వెలుతురు పడితే ఇంకా తొందర. రేకు అంచుల్లో చిన్న బుడగలు మొదలై, చూస్తుండగానే రేకు ఉన్నచోట చుక్కలు మిగులుతాయి. ఒక జూలైలో, బయట ముసురు పట్టి ఉన్నప్పుడు, ఒక జూనియర్ ఫొటో తీద్దామని శాంపిల్ బయటికి తెచ్చాడు. ఫొటో అయితే వచ్చింది. అందుకే రేకును పైనా కిందా బోరాన్ నైట్రైడ్ పొరలతో మూసి కానీ బయటికి తీయం. నేర్చుకునే దశలో క్రోమియం సల్ఫైడ్ బ్రోమైడ్‌తో మొదలుపెట్టండి, అది గాలికి తట్టుకుంటుంది.

అంత చిన్న ముక్క అయస్కాంతమని ఎలా తెలుస్తుంది? స్క్విడ్‌లో పెడితే చాలదా?

స్క్విడ్ అంటే సన్నటి అయస్కాంతత్వాన్ని కొలిచే యంత్రం. అదీ చాలదు, లెక్క వేసి చూద్దాం. పది మైక్రాన్ల చదరపు క్రోమియం ట్రై అయొడైడ్ ఒక్క పొర. అందులో మొత్తం సుమారు 150 కోట్ల బోర్ మాగ్నెటాన్లు. మన దేశ జనాభా అంత ఉంది కదా అనిపిస్తుంది, కానీ స్క్విడ్ మాగ్నెటోమీటర్ మామూలుగా పట్టే కనీస విలువలో అది దాదాపు వెయ్యో వంతే. కాబట్టి వెలుతురును వాడతాం: పోలరైజ్ చేసిన (ఒకే దిక్కున ఊగే) లేజర్ రేకు మీద పడి తిరిగొస్తే దాని పోలరైజేషన్ దిక్కు కొంచెం తిరుగుతుంది. దాని పేరు కెర్ ప్రభావం. 2017లో ఒక్క పొరను పట్టుకున్నది అలాగే. ఎఫ్‌జీటీ లాంటి లోహమైతే పని ఇంకా తేలిక, కరెంటు పంపి అనామలస్ హాల్ వోల్టేజ్ (అయస్కాంతత్వం వల్ల కరెంటుకు అడ్డంగా పుట్టేది) చూస్తే చాలు.

లిక్విడ్ నైట్రోజన్‌తో సరిపెట్టొచ్చా? హీలియం ఖర్చు భరించలేం

పదార్థాన్ని బట్టి. నైట్రోజన్ 77 కెల్విన్ దగ్గర మరుగుతుంది. క్రోమియం సల్ఫైడ్ బ్రోమైడ్, ఎఫ్‌జీటీ దానికి పైనే వరుస కడతాయి కాబట్టి సరిపోతుంది. క్రోమియం ట్రై అయొడైడ్‌కి 45 కింద దిగాలి, నైట్రోజన్ పనికిరాదు. బడ్జెట్ చూసుకుని పదార్థం ఎంచుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

## చదువు, ఇల్లు

హైదరాబాద్‌లోనే ఉండి చేయొచ్చా?

చేయొచ్చు. గచ్చిబౌలిలో హైదరాబాద్ యూనివర్సిటీ, గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్, కందిలో ఐఐటీ, తార్నాక వైపు ఉస్మానియా, శామీర్‌పేట వైపు బిట్స్. అన్ని చోట్లా ఫిజిక్స్ పీహెచ్‌డీ ఉంది. నెట్, గేట్, జెస్ట్ పరీక్షలు రాసి పెట్టుకోండి. సంస్థ పేరు చూసి కాదు, ఆ గైడ్ ఇటీవలి పేపర్లు నాలుగు చదివి వెళ్లండి. ఇంటర్వ్యూలో ఆ తేడా ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇవి ఫోన్లలోకి ఎప్పుడొస్తాయి?

ఇప్పట్లో కాదు. గది ఉష్ణోగ్రత అడ్డంకి కొంత తీరింది: ఐరన్ గాలియం టెల్యూరైడ్ అనే లోహం గడ్డగా 350 కెల్విన్ దాటి కూడా ఫెర్రోగా ఉంటుందని 2022లో తెలిసింది. అంటే మన మే నెల ఎండ దానికి లెక్క కాదు. కానీ టేపుతో తీసిన పది మైక్రాన్ల ముక్కతో ఫ్యాక్టరీ నడవదు. అరచేయంత వేఫర్ మీద మచ్చ లేకుండా సమంగా పెంచాలి, గాలికి పాడవకుండా ఉండాలి, ఇప్పటికే మార్కెట్లో ఉన్న అయస్కాంత మెమరీని ధరలో కొట్టాలి. మొదటి రెండూ నా కెరీర్‌లో చూస్తాననుకుంటున్నాను. మూడోది చెప్పలేను.

ఇంట్లో ఏమని చెప్పాలి? "ఏం చేస్తున్నావ్" అంటే నోరు పెగలట్లేదు

ఎలక్ట్రానిక్స్ అని చెప్పండి, అబద్ధం కాదు. మా నాన్నకు నేను మొదట్లో స్పిన్‌ట్రానిక్స్ అని చెప్తే స్పిన్నింగ్ మిల్లు అనుకుని ఆర్నెల్లు చుట్టాలందరికీ అలాగే చెప్పారు. తర్వాత ఒక దసరా సెలవుల్లో మా ఊరి ఇంట్లో పాత ఇస్త్రీపెట్టె విప్పి, అందులోని అభ్రకం రేకును గోటితో ఊడదీసి చూపించాను. ఇంకో రేకు తీయమన్నారు, తీశాను. "ఇలా ఎంత దాకా?" అన్నారు. చివరి రేకు దాకా అన్నాను. "ఆ చివరిది కూడా అయస్కాంతమేనా?" అని అడిగారు. మా ప్రాజెక్టు ఇంటర్వ్యూల్లో ఆ ప్రశ్న వేసినవాళ్లు ఇద్దరే.